మదం దిగితేనే ముసలితనం కనిపిస్తుంది

ఆదివారం పొద్దున మా విహారంలో వందన అయ్యాక గంటసేపు చర్చ పెట్టుకోవడం అలవాటు. ఇరవై ఏళ్ల కిందట ఆ చర్చల్లో రిజర్వేషన్లు, దాడుల కేసులు, చార్జిషీట్లు, హాస్టళ్లలో పిల్లల అన్నం ఉండేవి. అవి ఇప్పుడూ ఉన్నాయి. వాటి పక్కనే షుగర్ రీడింగులు, బీపీ మాత్రలు, రాగిజావ, కొర్రన్నం, పదివేల అడుగులు వచ్చి కూర్చున్నాయి. మాలో చాలామందికి యాభై దాటింది. కొందరు రిటైరయ్యారు. ఎన్ని అడుగులు వేశామో, రాత్రి ఎంతసేపు నిద్రపోయామో ముంజేతి వాచీలే చెబుతున్నాయి. ఎగతాళికి ఈ మాట రాయడం లేదు. మా చేతికీ అలాంటి వాచీ ఉంది. మా పొయ్యి మీదా రాగిజావే కాగుతోంది.

కిందటి వర్షావాసంలో ఒక ఆదివారం ధమ్మం, ఆరోగ్యం అనే అంశం మీద ఒక రిటైర్డ్ అధికారి మాట్లాడారు. చక్కగా మాట్లాడారు. రోజూ గంట నడక, అరగంట ఆనాపాన, రాత్రి ఏడు లోపే భోజనం, ఈ మూడూ పాటిస్తే ముసలితనాన్ని పదేళ్లు వెనక్కి నెట్టవచ్చన్నారు. ప్రశ్నలుంటే అడగమన్నారు. వెనక వరుసలో గోడకానుకుని కూర్చున్న ఒక పెద్దావిడ చెయ్యెత్తింది. నిజానికి ఆమెకు అరవై దాటి ఎన్నో ఏళ్లు కాలేదు. చూస్తే ఎనభై అనుకుంటారు. నాట్లు, కలుపులు, మిరపకోతలతో గడిచిన ఒళ్లు అది.

"బాబూ, నడవమంటున్నావు. నడిచి నడిచేగా ఈ మోకాళ్లు పోయింది. నాకేం చెబుతావు?" అని అడిగింది.

నవ్వులు లేచాయి. ఆయనా నవ్వి, "నీకు నడక అక్కర్లేదులే పెద్దమ్మా, ఆనాపాన చేసుకో" అన్నారు. సభ ముగిసింది. ఆమె ప్రశ్నకు మాత్రం జవాబు రాలేదు. ఆ జవాబు కోసమే ఈ వ్యాసం.

రెండు వాదాలు, ఒకే లోపం

ముసలితనం, చావు అనే విషయాల మీద మన బౌద్ధ వర్గాల్లో రెండు వాదాలు వినిపిస్తున్నాయి. రెంటినీ విమర్శకు పెట్టాల్సిన సమయం వచ్చింది.

మొదటి వాదం ప్రకారం ధమ్మమంటే ప్రశాంతత. ఒత్తిడి తగ్గాలి, నిద్ర పట్టాలి, ఒళ్లు తేలికపడాలి, మనసు నిలకడగా ఉండాలి. ఈ వాదం ఈ రోజు పుట్టింది కాదు. అమెరికాలో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రంలో జాన్ కబాట్-జిన్ 1979లో ఒక శిక్షణ మొదలుపెట్టారు. మందులతో తగ్గని నొప్పులతో బతికేవాళ్లకు బౌద్ధ ధ్యానపద్ధతిని, బౌద్ధమనే పేరు పక్కన పెట్టి, చికిత్సకు తోడుగా నేర్పారు. ఆయన ఉద్దేశాన్ని తప్పుపట్టలేం. నొప్పితో ఉన్న మనిషికి ఊరట దొరికితే మంచిదే. కానీ ఆసుపత్రిలో పుట్టిన ఆ పద్ధతి కార్పొరేట్ ఆఫీసులకు, ఫోన్ యాప్‌లకు చేరేసరికి సరుకైంది. పని గంటలు తగ్గించమని అడగాల్సిన ఉద్యోగికి ఊపిరి గమనించుకోమని చెబుతున్నారు. ఆ సరుకే ఇప్పుడు చుట్టూ తిరిగి, ధమ్మం అనే పేరుతో మన విహారాలకు చేరుతోంది.

ఇక్కడ ఒక విషయం గుర్తు చేసుకోవాలి. ఎస్.ఎన్. గోయెంకా బర్మాలో సయాజీ ఊ బా ఖిన్ దగ్గరికి మొదట వెళ్లింది తీవ్రమైన మైగ్రేన్ తలనొప్పి తగ్గించుకోవడానికి. తలనొప్పికి మందుగా అయితే ధమ్మాన్ని నేర్పనని ఆ గురువు చెప్పారు. గోయెంకా ఆ మాటను తన ప్రసంగాల్లో తానే చెప్పుకునేవారు. నొప్పి తగ్గితే తగ్గవచ్చు, దాని కోసమే అయితే రావద్దన్నది ఆ గురువు పెట్టిన గీత. పదిరోజుల శిబిరాలకు వెళ్లివచ్చే మన మిత్రులు చాలామంది ఆ గీతను గేటు దగ్గరే మరచిపోతున్నారు.

రెండో వాదం దీనికి ఎదురు కొస. "ముసలివాణ్ణి, రోగిని, శవాన్ని చూసి సిద్ధార్థుడు ఇల్లు విడిచాడన్న కథను బాబాసాహెబ్ కొట్టేశారు. కాబట్టి జర, వ్యాధి, మరణం మన ప్రశ్నలు కావు. మనది సామాజిక ధమ్మం" అంటారు వీళ్లు. ఇలా అనేవాళ్లలో మన ఉద్యమ మిత్రులే ఎక్కువ. వాళ్ల నిజాయితీని మేము శంకించం. కానీ ఈ వాదం వాళ్ల ఒళ్ల మీద ఏం రాసిందో కళ్లారా చూశాం. టీ నీళ్లతో పగళ్లు, బస్సు సీట్లలో రాత్రులు, మింగడం మరచిన మాత్రలు. యాభై ఐదుకే పక్షవాతం, యాభై ఎనిమిదికే గుండెపోటు. తర్వాత పెద్ద ఫ్లెక్సీ, పెద్ద సంస్మరణ సభ. ఆ సభకు వచ్చినంతమంది ఆ మనిషి మంచం దగ్గరికి ఏనాడూ రాలేదు.

ఒక వాదం ముసలితనాన్ని వెనక్కి నెట్టాలంటుంది, రెండోది పట్టించుకోనక్కర్లేదంటుంది. వెనక వరుసలో కూర్చున్న ముసలి మనిషిని మాత్రం రెండూ చూడవు. రెంటికీ ఉన్న లోపం అదే.

బాబాసాహెబ్ ఏం తీశారు, ఏం ఉంచారు?

'బుద్ధుడు – ఆయన ధమ్మం' ఉపోద్ఘాతంలో బాబాసాహెబ్ నాలుగు సమస్యలు ముందుంచారు. మొదటిదే పరివ్రజ్య సమస్య. సిద్ధార్థుడు ఇల్లు విడిచింది 29వ ఏట. అంతకాలం ఒక్క ముసలివాణ్ణి, ఒక్క రోగిని, ఒక్క శవాన్ని చూడకుండా ఎలా ఉంటాడు? రోజూ వందల్లో జరిగే వాటిని అప్పుడే మొదటిసారి చూశాడంటే బుద్ధికి అందుతుందా? ఇదీ ఆయన అభ్యంతరం. అందుకే తన గ్రంథంలో శాక్యులకు, కోలియులకు మధ్య రోహిణీ నది నీళ్ల తగాదా కథను తీసుకున్నారు. శాక్య సంఘం యుద్ధానికి తీర్మానిస్తే సిద్ధార్థుడు వ్యతిరేకించాడు. ఆ వ్యతిరేకతకు మూల్యంగా పరివ్రాజకుడయ్యాడు.

వాడలో పుట్టిన మనిషికి మాత్రమే ఇంత సూటిగా తట్టే అభ్యంతరమిది. ఒకే గదిలో తాత దగ్గు, తల్లి పురుడు, తమ్ముడి జ్వరం, అవ్వ చావు చూసి పెరిగినవాళ్లం మనం. ముసలితనాన్ని కనపడకుండా దాచే ప్రహరీగోడ మనలో ఎవరికీ లేదు.

అయితే రెండో వాదం చేసే మిత్రులు ఉపోద్ఘాతం దగ్గరే ఆగిపోతున్నారు. పుస్తకం చివరిదాకా చదివితే వేరే విషయం కనిపిస్తుంది. ఏడో భాగం మొత్తం బుద్ధుడి చివరి ప్రయాణమే. వైశాలి, పావా, కుశినార. ముసలి ఒళ్లు, జబ్బు, మరణం. ఎనిమిదో భాగంలో బుద్ధుడి కరుణను చెబుతూ ఆయన ఎంచుకున్న ఉదాహరణలేమిటి? మనవరాలు పోయిన విశాఖ దుఃఖం, బిడ్డ పోయిన కిసా గోతమి దుఃఖం, ఆ తర్వాత రోగుల పట్ల బుద్ధుడి శ్రద్ధ. అంటే ఇల్లు విడవడానికి కారణంగా చూపిన చోట జరా వ్యాధి మరణాలను తీసేశారు. సాటి మనిషికి ఎలా తోడు నిలవాలో చెప్పే చోట వాటిని జాగ్రత్తగా ఉంచారు. బాబాసాహెబ్ ఆ ప్రశ్నను కొట్టేయలేదు. దాని చోటు మార్చారు. ముసలితనం పారిపోవడానికి కారణం కాదని, దగ్గరికి వెళ్లడానికి కారణమని ఆ కూర్పును బట్టి మేము అర్థం చేసుకుంటున్నాం.

ఈ మాట అనడానికి ఆయన జీవితం కూడా ఆధారం. ఆ గ్రంథం రాసిన ఐదేళ్లూ ఆయన ఒళ్లు ఆయన మాట వినలేదు. మధుమేహం, నరాల నొప్పులు, కీళ్ల నొప్పులు వెంటాడాయి. ఆ రోజుల్లో రాసుకున్న ఒక ముందుమాటలో తాను ఆరిపోబోయే దీపంలా అయిన సందర్భాలను చెప్పి, ఆ దీపం మళ్లీ వెలిగింది తన భార్య, డాక్టర్ మాల్వంకర్ చేసిన వైద్యం వల్లనేనని కృతజ్ఞత తెలిపారు. ఆయన మరణానంతరం 1957లో గ్రంథం అచ్చయినప్పుడు ఆ ముందుమాట అందులో లేదు. తర్వాతి కాలంలోనే వెలుగు చూసింది. తనకు సేవ అవసరమైందని, అది అందిందని చెప్పుకోవడానికి ఆ మహామనిషి సిగ్గుపడలేదు. మనమే అలాంటి మాటల్ని పక్కన పెడుతున్నాం. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో లక్షలమందికి దీక్షనిచ్చిన చెయ్యిని గుర్తుంచుకుంటాం. ఆ రోజు ఆ చెయ్యి పట్టుకున్న ఊతకర్రను మరచిపోతాం. డిసెంబర్ 6 నాటికి ఆయనకు 65 ఏళ్లే.

మూడు మదాలు

నాలుగు దృశ్యాల కథ గురించి ఇంకొక విషయం చెప్పాలి. పాలి సుత్తాల్లో ఆ కథ గోతముడిది కాదు. దీఘనికాయంలోని మహాపదాన సుత్తంలో పూర్వబుద్ధుడైన విపస్సి గురించి చెప్పిన కథ అది. సిద్ధార్థుడి జీవితానికి దాన్ని విస్తారంగా అతికించింది తర్వాతి కావ్యాలు, అట్ఠకథలు. బాబాసాహెబ్ అనుమానం ఎంత సరైనదో దీన్ని బట్టి తెలుస్తుంది.

మరి గోతముడు తన యవ్వనం గురించి తానేమన్నాడు? అంగుత్తరనికాయంలో సుఖుమాల సుత్తమని ఒకటుంది. కాలానికొకటిగా మూడు భవనాలు, కాశీ బట్టలు, ఎండ మంచు తగలకుండా తల మీద తెల్ల గొడుగు, అంత సుకుమారంగా పెరిగానని చెప్పుకుంటాడు. ఆ తర్వాత అసలు విషయానికి వస్తాడు. తామూ ముసలివాళ్లు కాబోయేవాళ్లే అయినా, ముసలివాణ్ణి చూస్తే జనం ఏవగించుకుంటారు. నేనూ ముసలివాణ్ణి కాక తప్పనివాణ్ణే, ఆ ఏవగింపు నాకు తగదు అని ఆలోచించాడట. అలా ఆలోచించగానే తనలోని యవ్వన మదం పోయిందన్నాడు. రోగి గురించి ఆలోచిస్తే ఆరోగ్య మదం పోయింది. చావు గురించి ఆలోచిస్తే బతికున్నామన్న మదం పోయింది.

ఈ సుత్తంలో రథం లేదు, సారథి లేడు, వీధిలో ఎదురైన ముసలివాడూ లేడు. ఉన్నది ఒక యువకుడు, అతని మనసులోని ఏవగింపు. అతన్ని కలవరపెట్టింది ముసలితనం కాదు, ముసలితనాన్ని చూసి ముఖం తిప్పుకునే ఆరోగ్యవంతుల అహంకారం. 29 ఏళ్ల దాకా ముసలివాణ్ణి చూడకపోవడం నమ్మశక్యం కాదు. చూస్తూనే ముఖం తిప్పుకోవడం మాత్రం పూర్తిగా నమ్మశక్యం. అందరం చేసే పనే అది.

ఏవగింపు అనే మాట మనకు కొత్త కాదు. కులం నిలబడింది దాని మీదే. ఫలానా ఒంటిని ముట్టుకోకూడదు, ఫలానా చేతి నీళ్లు తాగకూడదు, ఫలానా మనిషి దూరంగా ఉండాలి. వేల ఏళ్లుగా ఇతరుల ఏవగింపును ఒంటి మీద మోసినవాళ్లం. ఆ మనమే సాటి మనిషి ముసలి ఒళ్లు చూసి ముఖం తిప్పుకుంటే?

ఇది ఊహించి అడిగిన ప్రశ్న కాదు. మోకాళ్ల గురించి అడిగిన ఆ పెద్దావిడ తర్వాతి ఆదివారం రాలేదు. మూడో వారమూ రాలేదు. వెనక వరుసలో ఖాళీని మేము నాలుగో వారానికి గాని గమనించలేదు. వెతుక్కుంటూ వాళ్ల ఇంటికి వెళ్లాం. నులకమంచం మీద ఉంది. పడిపోయి తుంటి దగ్గర దెబ్బ తగిలింది. కొడుకు, కోడలు కూలికి పోయారు. పొద్దుటి నుంచి మంచం దిగలేదు. గుమ్మంలో అడుగు పెట్టగానే మాకు ముందు తెలిసింది జాలి కాదు, వాసన. మా ముఖం పక్కకు తిరిగింది. ఒక్క క్షణమే. ఆమె చూసింది.

"బయట కూర్చోండి, లోపల వాసన" అంది.

జీవితమంతా ఇతరుల వాకిట్లో బయట కూర్చున్న మనిషి, తన ఇంటికి వచ్చిన మమ్మల్ని బయట కూర్చోమంది, మా సౌకర్యం కోసం. ముప్ఫై ఏళ్ల కిందట దీక్ష తీసుకున్నాం, ఇరవై రెండు ప్రతిజ్ఞలూ చదివాం, ఎందరి చేతో చదివించాం. మా ఆరోగ్య మదం మాత్రం ఆ రోజు దాకా మాకు కనపడలేదు.

బుద్ధుడు ఒంటిని ఎలా చూశాడు?

అయితే ఒళ్లు కాపాడుకోవడం తప్పా? కానే కాదు. బుద్ధుడు ఒంటిని నిర్లక్ష్యం చేయమని ఎక్కడా చెప్పలేదు. ఎముకలు తేలేదాకా ఉపవాసం చేసి, అది దారి కాదని స్వయంగా తేల్చుకున్నవాడాయన. నడక వల్ల ఐదు లాభాలని అంగుత్తరనికాయంలో చెప్పాడు: దూరప్రయాణానికి ఓపిక వస్తుంది, శ్రమకు సత్తువ వస్తుంది, రోగాలు తగ్గుతాయి, తిన్నది అరుగుతుంది, నడకలో కుదిరిన ఏకాగ్రత చాలాసేపు నిలుస్తుంది. కోసల రాజు పసేనది కుంచాలకొద్దీ అన్నం తిని ఆయాసపడుతూ వస్తే, మితంగా తినేవాడికి నొప్పులు తగ్గుతాయి, ముసలితనం మెల్లగా వస్తుందనే అర్థంలో ఒక గాథ చెప్పాడు. రాజు ఆ గాథను సుదస్సనుడనే కుర్రవాడికి నేర్పించి భోజనం దగ్గర రోజూ చదివించుకున్నాడు. క్రమంగా ఒళ్లు తగ్గించుకున్నాడు. ఇవాళ్టి డైట్ చార్టుకు ఏమాత్రం తీసిపోని కథ ఇది.

మా విహారంలో ప్రసంగించిన అధికారి ఈ రెండు సుత్తాలూ చెప్పారు, సరిగ్గానే చెప్పారు. ఆయన చెప్పనిది ఇంకొకటుంది. సావత్థిలో విశాఖ కట్టించిన విహారంలో సాయంత్రపు ఎండకు వీపు పెట్టి బుద్ధుడు కూర్చున్నాడు. ఆనందుడు ఒళ్లు పడుతూ ఆశ్చర్యపోయాడు. చర్మంలో ఆ నిగారింపు లేదు, కండ వదులైంది, ముడతలు పడ్డాయి, నడుం ముందుకు వంగింది. ఆ మాట పైకే అన్నాడు. బుద్ధుడు కాదనలేదు. అంతే ఆనందా, యవ్వనంలోనే జర ఉంది అన్నట్టు మాట్లాడాడు. రోజూ నడిచినవాడు, ఒంటిపూట తిన్నవాడు, ధ్యానంలో ఆయనను మించినవాడు లేడు. అయినా ముడతలు పడ్డాయి. ఎనభయ్యో ఏట తన ఒంటిని కట్లు కట్టి లాక్కొస్తున్న పాతబండితో పోల్చుకున్నాడు. ఆ బండితోనే వైశాలి నుంచి కుశినారకు నడిచాడు. చివరి రాత్రి కూడా సుభద్రుడనే పరివ్రాజకుడు ప్రశ్న అడగడానికి వస్తే, అతన్ని పంపేయవద్దని ఆనందుడికి చెప్పాడు.

ఫిట్‌నెస్ అనే మాటకు ధమ్మంలో అర్థమిదే అనుకుంటాం. వయసును ఓడించడానికి కాదు, చివరి మనిషి ప్రశ్నకు జవాబు చెప్పేదాకా ఒళ్లు పనికి వస్తే చాలు. నకులపిత అనే ముసలి ఉపాసకుడు ఒంట్లో బాగుండడం లేదని చెప్పుకుంటే, ఒంటికి జబ్బు చేసినా మనసుకు జబ్బు చేయకుండా చూసుకోమన్నాడు బుద్ధుడు. మనశ్శాంతి గురించి ఇంతకంటే పెద్ద హామీ ఆయన ఇవ్వలేదు. నీకు జబ్బే రాదని చెప్పలేదు.

ముసలితనం అందరికీ ఒకటేనా?

జర, మరణం అందరికీ సమానమేనని ప్రవచనాల్లో తరచూ వింటాం. తత్వంగా నిజమే. లెక్కల్లో అబద్ధం. భారతదేశంలో దళిత స్త్రీ సగటున ఆధిపత్య కులాల స్త్రీ కంటే 14.6 ఏళ్లు ముందే చనిపోతోందని ఐక్యరాజ్యసమితి మహిళా సంస్థ 2018 నివేదిక చెప్పింది. ముసలితనాన్ని పదేళ్లు వెనక్కి నెట్టడం ఎలాగన్నది ఒక వర్గం ప్రశ్న. అసలు ముసలితనం దాకా బతకడం ఎలాగన్నది ఇంకో వర్గం ప్రశ్న. ఈ తేడా చెప్పకుండా అనిత్యం గురించి ప్రసంగిస్తే, అన్యాయాన్ని ప్రకృతి ఖాతాలో రాసినట్టవుతుంది. ముడతలు పడడం అనిత్యం. నలభై ఏళ్లకే మోకాళ్లు అరగడం అనిత్యం కాదు, కూలి రేటు.

చట్టం ఏం ఇచ్చింది? తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. పిల్లలు పోషించకపోతే ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు. పోషణ ఖర్చు నెలకు గరిష్ఠంగా 10,000 రూపాయలు. చూసుకుంటారన్న షరతు మీద ఆస్తి రాసిచ్చి మోసపోతే సెక్షన్ 23 కింద ఆ దస్తావేజును రద్దు చేయించుకోవచ్చు. మంచి చట్టమే. లా చదివిన మాకు దీన్ని తక్కువ చేయాలని లేదు. ఎందరి చేతో అర్జీలు పెట్టించాం. కానీ ఈ చట్టం ఊహించుకున్న ముసలి మనిషికి రాసివ్వడానికి ఇల్లుంది, పోషించగలిగిన కొడుకున్నాడు. మా పెద్దావిడకు రాసివ్వడానికి ఏమీ లేదు. కొడుకు దుర్మార్గుడూ కాదు. కూలికి పోకపోతే పొయ్యి వెలగదు. అతని మీద కేసు వేసి ఏం సాధిస్తాం?

ఇక పింఛను. 60 నుంచి 79 ఏళ్ల వారికి కేంద్రం ఇచ్చే వాటా నెలకు 200 రూపాయలు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి రాష్ట్ర పింఛను 4,000 అయింది. తెలంగాణలో 2019లో 2,016 చేశారు. ఈ డబ్బు విలువ తెలిసినవాళ్లం కాబట్టి తక్కువ చేసి మాట్లాడం. చాలా ఇళ్లలో అవ్వకు గౌరవం తెచ్చింది ఆ పింఛనే. కానీ పగలంతా మంచం పక్కన కూర్చునే మనిషిని పింఛను కొనిపెట్టలేదు. అదే ధనవంతుల ఇంట్లో అయితే ఆ మనిషి ఉంటుంది. ఎవరామె? మేము చూసిన ఇళ్లలో, ఆసుపత్రుల్లో ఆయాలుగా ఉన్నది ఎక్కువగా మన వాడల ఆడవాళ్లే. ఎవరి అమ్మకో మంచం మీద ఒళ్లు తుడిచి ఇంటికొచ్చేసరికి, వాళ్ల అమ్మ తడిసిన మంచం మీదే ఉంటుంది.

చేయగలిగిన పని

మహావగ్గలో ఒక సంఘటన ఉంది. విరేచనాల జబ్బుతో ఒక భిక్షువు తన మలమూత్రాల్లోనే పడి ఉన్నాడు. ఎవరూ ఎందుకు చూసుకోవడం లేదని బుద్ధుడు అడిగాడు. నేను ఎవరికీ ఏ పనీ చేసిపెట్టలేదు, అందుకే అన్నాడా భిక్షువు. బుద్ధుడు నీళ్లు పోశాడు, ఆనందుడు కడిగాడు. ఇద్దరూ కలిసి ఎత్తి మంచం మీద పడుకోబెట్టారు. తర్వాత సంఘాన్ని పిలిచి, మీకు చూసుకోవడానికి తల్లీ తండ్రీ ఇక్కడ లేరు, ఒకరినొకరు చూసుకోకపోతే ఇంకెవరు చూస్తారని మందలించాడు. తనకు సేవ చేయాలనుకునేవాడు రోగికి సేవ చేయాలన్నాడు. రోగికి సేవ చేసేవాడికి ఉండాల్సిన లక్షణాల్లో ఒకటి, మలమూత్రాలు, కఫం, వాంతి తీయడానికి ఏవగించుకోకపోవడం. ఈ దేశం ఆ పనిని ఒక కులం నెత్తిన పెట్టి, ఆ కులాన్నే ఏవగించుకుంది. బుద్ధుడు ఆ పనిని తన చేతుల్లోకి తీసుకున్నాడు. కులనిర్మూలనకు ఇంతకంటే సూటి పాఠం మాకు కనపడలేదు.

అందువల్ల విహారాలకు మా సూచనలు కొన్ని. ప్రతి విహారంలో మంచం పట్టినవాళ్ల జాబితా ఉండాలి. వారానికి ఇద్దరు చొప్పున వంతులు వేసుకుని వెళ్లాలి. వెళ్లినవాళ్లు పళ్లు చేతికిచ్చి ఫొటో దిగి రావడం కాదు. మందులు చూడాలి, దుప్పటి మార్చాలి, గంటసేపు కూర్చోవాలి, ఆ గంటలో చూసుకునే కోడలికి కాస్త ఊపిరి దొరకాలి. సేవ చేసే పని ఆడవాళ్లకే వదిలేయకుండా మగవాళ్లూ వంతు తీసుకోవాలి. 2007 చట్టం ప్రకారం, కదల్లేని వృద్ధుల తరఫున వారు అధికారం ఇచ్చిన సంస్థ కూడా ట్రిబ్యునల్‌కు అర్జీ పెట్టవచ్చు. దాన్ని వాడుకోవాలి. దిక్కులేని వృద్ధుల కోసం జిల్లాకొక ఆశ్రమమైనా పెట్టే మాట అదే చట్టం సెక్షన్ 19లో ఉంది. మీ జిల్లాలో అది ఎక్కడుందో కలెక్టర్‌ను అడగాలి.

చావు గురించి కూడా ముందే మాట్లాడుకోవాలి. 2018 మార్చి 9న కామన్ కాజ్ కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం గౌరవంగా మరణించే హక్కును గుర్తించింది. కోలుకోలేని స్థితి వస్తే యంత్రాల మీద ప్రాణం నిలపవద్దని ముందుగానే రాసిపెట్టుకోవచ్చు. 2023 జనవరిలో ఆ పద్ధతిని కోర్టు తేలిక చేసింది. ఇద్దరు సాక్షులతో నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ఎదుట రాస్తే చాలు. చివరి పదిరోజుల వెంటిలేటర్ కోసం ఉన్న అర ఎకరం అమ్ముకున్న కుటుంబాలు మాకు తెలుసు. అంత్యక్రియలు బౌద్ధ పద్ధతిలో జరగాలని కోరేవాళ్లు ఆ మాట కూడా ఇంట్లో చెప్పి, కాగితం మీద రాసి పెట్టాలి. మనం చెప్పకుండా పోతే పదకొండో రోజుకు పురోహితుడు వస్తాడు. పిల్లల్ని నిందించి లాభం లేదు.

నడక మానొద్దు. రాగిజావ మానొద్దు. మాత్రలు అసలే మానొద్దు. ఉద్యమంలో ఉన్నవాళ్లకు ఇది మరీ ముఖ్యం. మందు వేళకు వేసుకోవడం, ఒంట్లో ఏముందో దాచకుండా చెప్పడం రోగికి ఉండాల్సిన లక్షణాలని మహావగ్గలోనే ఉంది. అయితే నడిచే ముందు ఒక్క ప్రశ్న వేసుకుందాం. ఈ ఒళ్లు బాగుంటే ఎవరికి పనికొస్తుంది?

మా పెద్దావిడకు ఇప్పుడు కాస్త నయం. నెలకు ఒకటి రెండు ఆదివారాలు ఆటోలో తీసుకొస్తున్నాం. ముందు వరుసలో కుర్చీ వేస్తున్నాం. ఆ రిటైర్డ్ అధికారి తన పొద్దుటి నడక దారి మార్చుకున్నారు. వాకింగ్ ట్రాక్ వదిలి వాడ మీదుగా వస్తున్నారు. ఆమె మందుల డబ్బా చూసి వెళుతున్నారు. మేము చెప్పి చేయించింది కాదు. ఆయనే ఒక రోజు అన్నారు, ఆ రోజు ఆమె అడిగినదానికి తప్పు జవాబు చెప్పానని.

నిజమే. నడవాల్సింది ఆమె కాదు, మనం. ఆమె ఇంటిదాకా.

నమో బుద్ధాయ. జై భీమ్.